వట్లూరు దేవాలయానికి తాతమ్మ పేరు

రెండువేల ఆరో సంవత్సరం ఆగస్టు నెలలో, ఏలూరు పక్కన వట్లూరులో మార్మన్ అనే క్రైస్తవ శాఖవారి దేవాలయం నిర్మించాలని ఏకగ్రీవంగా నిర్ణయమైపోయింది. స్థలం ఖరారైంది. కమిటీ ఏర్పడింది. లెటర్‌హెడ్లు రెండు రంగుల్లో అచ్చయ్యాయి. ఈ సంగతి తెలియనిది ఒక్క మార్మన్ సంఘానికే. వాళ్ల పెద్దలు అమెరికాలో ఉంటారు కనుక, వీలు చూసుకుని చెబుదాంలే అని కమిటీవారు ఊరుకున్నారు.

నిర్ణయం జరిగిన తీరు ఇది. ఏలూరు పవర్‌పేటలో ఒక కుట్టుమిషన్ల దుకాణం మేడమీద ఆ సంఘానికి చెందిన ముప్పై కుటుంబాలు ఆదివారం ఆదివారం కూడుకునేవి. వాళ్లను చూసిపోదామని అమెరికా నుంచి డెబ్బై ఏళ్లు దాటిన దంపతులు వచ్చారు. పెద్దాయన లేచి, "మీరందరూ సిద్ధపడితే ఏదో ఒకనాటికి ఈ దేశంలో కూడా దేవాలయం వస్తుందని నా ఆశ. ఎప్పుడు, ఎక్కడ అన్నది మాత్రం నా చేతిలో లేదు" అన్నారు. కాన్వెంటులో ఇంగ్లీషు చెప్పే ఏసుకుమార్ ఆ మాటల్ని పొల్లుపోకుండా తెలుగు చేశాడు. అంతవరకూ తప్పేమీ జరగలేదు. జనం మెట్లు దిగేటప్పుడే జరగవలసింది జరిగింది. పై మెట్టు మీద "ఈ దేశంలో" అని బయలుదేరిన మాట మలుపు తిరిగేసరికి "మన ఆంధ్రాలో" అయింది. కింది మెట్టుకి "మన జిల్లాలో" అయింది. చెప్పుల్లో కాళ్లు పెట్టేసరికి "వట్లూరులో దేవరాజుగారి రెండెకరాల్లో" అయి కూర్చుంది.

దేవరాజుగారికి కొల్లేటికోట వైపు చేపల చెరువులుండేవి. కొల్లేటిని కాపాడాలని ఆ ఏడాదే సర్కారువారు చెరువుల గట్లు తెగ్గొట్టించారు. సరస్సుకి కొంగలు తిరిగి వచ్చాయి, దేవరాజుగారికి తీరిక వచ్చింది. గట్లు పోయడానికి కొన్న పొక్లెయిన్ ఇంటిముందు పనిలేక నిలబడి ఉండేది. పొక్లెయిన్ ఉన్న మనిషికి ఎక్కడ ఖాళీ జాగా కనిపించినా చదును చెయ్యాలనిపించడం సహజం. అందుచేత ఆయనే అధ్యక్షుడయ్యారు.

కార్యదర్శి పదవి ఆనంద్ పాల్‌కు దక్కింది. అతను తాడేపల్లిగూడెంలో ఒక గవర్నమెంటు ఆఫీసులో పనిచేస్తాడు, రోజూ ఏలూరు నుంచి ప్యాసింజరులో వెళ్లి వస్తాడు. పదవి అతనికి దక్కింది గాని, పని అతని భార్య నిర్మలకు దక్కింది. నిర్మల హిస్టరీ తీసుకుని బి.ఏ. చదివింది. చేతిరాత గుండ్రంగా ఉంటుంది. గుండ్రంగా రాసే ఇల్లాళ్లు ఉన్నంతకాలం ఈ దేశంలో కార్యదర్శులకు లోటు రాదు.

కమిటీ చకచకా పనిచేసింది. ప్లాను గీయడానికి తాహిర్ అనే డ్రాఫ్ట్స్‌మన్‌ను పిలిపించారు. అమెరికా దేవాలయాల ఫోటోల్లో శిఖరం మీద బాకా ఊదుతూ బంగారు దూత ఉంటాడు. మన దూత ఎటు చూడాలన్నది మొదటి చర్చనీయాంశం. రోడ్డువైపు చూడాలని దేవరాజుగారు. తన లేఅవుట్ వైపు చూడాలని చిట్టిబాబు. చిట్టిబాబు ఏ చర్చికీ వెళ్లడు, ఆంజనేయస్వామి భక్తుడు, వృత్తి స్థలాల అమ్మకం. దేవాలయం మీద అందరికంటే గట్టి విశ్వాసం అతనిదే. పక్క పొలంలో అప్పటికే రాళ్లు పాతి "టెంపుల్ వ్యూ ఎన్‌క్లేవ్" అని బోర్డు పెట్టేశాడు. చివరికి దూత చుట్టూ తిరిగేలా కింద మోటారు బిగించాలని, కరెంటు పోయినప్పుడు ఎవరివైపు ఆగితే వారి అదృష్టమని తీర్మానించారు.

రెండో అంశం గేట్లు. సంఘంలో ముప్పై కుటుంబాలూ దేవుని దృష్టిలో ఒక్కటే. ఊరి దృష్టిలో మాత్రం కొందరిది పై పేట, కొందరిది కింది పేట. నూట ఇరవై ఏళ్ల కిందట రెండు పేటలూ ఒకే దొర చేతిమీదుగా, ఒకే కాలవలో బాప్తిస్మం పుచ్చుకున్నాయి. అప్పుడు కూడా పై పేటవారు ఎగువన దిగారు. కనుక ఇప్పుడు తూర్పున ఒక గేటు, పడమర ఒక గేటు, నడుమ చిన్న గోడ అనుకున్నారు.

తాహిర్ పెన్సిలు చెవిలో పెట్టుకుని, "మసీదులు గీశానండీ, చర్చీలు గీశానండీ, శివాలయం కాంపౌండు కూడా గీశానండీ. దేవుడికి పార్టిషన్ గోడ గియ్యడం ఇదే మొదలండీ" అన్నాడు.

"అది గోడ కాదయ్యా, అలంకారం" అన్నారు దేవరాజుగారు.

"ఎత్తెంతండీ అలంకారం?"

"మనిషి కనపడనంత చాలు."

ఈ సంఘంలో టీ, కాఫీ నిషిద్ధం. గోదావరి జిల్లాల్లో టీ లేకుండా సాగిన మీటింగు అంతకుముందు లేదు. వట్లూరు కమిటీ ఆ చరిత్రను తిరగరాసింది. టీ అన్న మాటే లేకుండా మీటింగులు జరిగాయి. కాకపోతే పావుగంటకోసారి ఒక్కో సభ్యుడికి అర్జెంటుగా ఫోను చేసుకోవలసి వచ్చేది. సిగ్నలు రైల్వే గేటు దగ్గరి టీకొట్టులో తప్ప మరెక్కడా అందేది కాదు.

ఇంతకీ అమెరికా దంపతులు అడిగింది ఒక్కటే. వెళ్లేముందు ఆ పెద్దావిడ ఇంటికొక కాగితం, పైన మరికొన్నీ పంచింది. నాలుగు తరాల పత్రం. తాను, తల్లిదండ్రులు, వారి తల్లిదండ్రులు, మళ్లీ వారి తల్లిదండ్రులు, వెరసి పదిహేను గడులు. చనిపోయిన పెద్దల పేరుమీద దేవాలయంలో బతికున్నవాళ్లు నీళ్లలో మునిగి బాప్తిస్మం పుచ్చుకుంటారట. ఒప్పుకోవడం, మానడం పైలోకంలో ఆ పెద్దల ఇష్టం. "దేవాలయమంటే గోడలు కాదు, ఈ పేర్లు. ముందు ఇవి మొదలుపెట్టండి, డిసెంబరులో వచ్చి చూస్తాను" అని ఏసుకుమార్ చేత చెప్పించింది. కమిటీవారు మర్యాదగా తలలూపి, ఆ కాగితాలన్నీ నిర్మల చేతిలో పెట్టి, మళ్లీ దూత మోటారు విషయంలోకి వెళ్లిపోయారు.

నిర్మల ఇల్లిల్లూ తిరిగింది. మగవాళ్లు ఉత్సాహంగా కూర్చోబెట్టి చెప్పారు. తాత పేరు, ముత్తాత పేరు, ముత్తాత తోలిన ఎడ్ల పేర్లు, పొలం సర్వే నంబరు, ఆ పొలం లాక్కున్న దాయాది పేరు, ఆ దాయాది వంశం ఎలా నాశనమైందీ అన్నీ చెప్పారు. ఆడవాళ్ల గడి దగ్గరికి వచ్చేసరికి తల గోక్కున్నారు.

"మీ తాతమ్మగారి పేరేంటండీ?"

"తాతమ్మేనండీ."

"మీకు తాతమ్మండీ. ఆవిడకో పేరు ఉంటుంది గదండీ."

"ఉండే ఉంటదండి. దెందులూరామె అనేవోరండీ అందరూ."

ఒకరి తాతమ్మ దెందులూరామె. ఇంకొకరి మామ్మ భీమడోలావిడ. మరొకరిది కైకరం పిల్ల, ఎనభై ఏళ్లకు పోయినా పిల్లే. ఆనంద్ పాల్ ఆఫీసు నుంచి వచ్చి ఆ కాగితాలు తిరగేసి, "ఇదేంటి, మన ప్యాసింజరు ఆగే స్టేషన్లు రాశావు?" అన్నాడు.

నిర్మల నవ్వబోయి ఆగింది. తనకోసం విడిగా ఉంచుకున్న పత్రం తీసింది. నూర్జహాను అసలు పేరు మెహరున్నీసా అని రాసి మార్కులు తెచ్చుకున్న మనిషికి తన అమ్మమ్మ తల్లి పేరు రాలేదు. మర్నాడే జంగారెడ్డిగూడెం బస్సెక్కింది. అక్కడ పుట్టింటి తరఫున ఒక ముసలి పెద్దమ్మ ఉంది, ఆవిడకు తెలియని పురుడూ లేదు, పోరూ లేదు. వెళ్లి చూస్తే గోడ మీద ఫోటోకి దండ వేసి ఉంది. పోయిన వేసవిలోనే పోయిందట. "కబురు చెప్పాలనే అనుకున్నామే, నంబరు దొరకలేదు" అన్నాడు ఆవిడ కొడుకు. అమ్మమ్మ తల్లి పేరు అతనికీ తెలియదు. పొగాకు ఆరబెట్టే బేరన్ల దగ్గర పనిచేసేదని మాత్రం తెలుసు.

తిరుగు బస్సులో నిర్మలకు ఒకటి అర్థమైంది. ఏలూరులో ఇంకా బతికి ఉన్న ముసలమ్మలు పోయేలోగా ఈ గడులు నిండాలి. ఆ తరవాత ఎంత గుండ్రంగా రాసినా లాభం లేదు.

కమిటీకి అంత ఓపిక లేదు. కోశాధికారి క్రీస్తుదాసుగారు రిటైరైన హెడ్మాస్టరు. ఆయన లేచి ఉపన్యసించారు. "సోదర సోదరీమణులారా, స్త్రీ మూర్తి మన సంస్కృతికి మూలస్తంభం. స్తంభానికి పేరుండదు, భవనానికే ఉంటుంది. అయినా ఫారం ఫారమే కాబట్టి, నవంబరు ఆఖరి ఆదివారం లోపు తెలియని గడులన్నింటిలో తాతమ్మకైతే సారా, మామ్మకైతే రిబ్కా అని పూరించవలసిందిగా ప్రతిపాదిస్తున్నాను. ఇంతకంటే గౌరవం ఏముంటుంది?" చప్పట్లు మోగాయి. తీర్మానం పుస్తకంలో ఎక్కింది. ఎక్కించింది నిర్మలే. గడువు అయిదు వారాలు.

ఆ అయిదు వారాలకూ తాళంచెవి ఇంట్లోనే ఉంది. అత్తగారు సువార్తమ్మ. ఎనభై ఏళ్ల మనిషి, తెల్లదొరలు కట్టించిన పాత మిషన్ చర్చిని వదలలేదు. కొడుకూ కోడలూ కొత్త సంఘంలో చేరిన రోజున ఒక్కటే అడిగింది, "టీ తాగరంటగా, మరి పొద్దున్నే లేచి ఏం చేస్తారే?" అని. కార్యదర్శిగారి ఇంట్లో టీపొడి ఉంటే బాగుండదని ఆనంద్ పాల్ డబ్బా తీసేయించాడు. అప్పట్నించీ ఆవిడ రాగిమాల్టు తాగుతూ కోడల్ని క్షమిస్తూ వస్తోంది.

"అత్తయ్యగారూ, మీ అత్తగారి పేరేంటండీ?"

"ఆవిడ పేరు నేనెలా అంటానమ్మాయ్? అత్తగారి పేరు నోటితో అంటే కళ్లు పోతాయనేవోరు."

"మరి దేవాలయం ఫారంలో రాయాలండీ."

సువార్తమ్మ రాగిమాల్టు గ్లాసు పక్కకి జరిపింది. "గొంతు తడారిపోయిందే. ఓ గ్లాసుడు టీ పడితే గొంతే దానంతటది అంటది. నేనన్నట్టు కాదు."

ఆ మధ్యాహ్నం నిర్మల కొట్టుకెళ్లి టీపొడి పొట్లం కొని మెంతుల డబ్బాలో దాచింది. దేవాలయం కోసం ఆ ఇంట్లో జరిగిన మొదటి నిర్మాణ కార్యక్రమం అదే. అల్లం దంచి వేసిన టీ రెండు గుక్కలు దిగాక గొంతు తనంతట తాను, "బుల్లెమ్మ" అంది.

రేటు కుదిరింది. గ్లాసుకో పేరు. ఈ కబురు పాకి, ఆనంద్ పాల్ తాడేపల్లిగూడెం వెళ్లిన మధ్యాహ్నాల్లో రెండు పేటల ముసలమ్మలూ పెరటి దారిన రావడం మొదలుపెట్టారు. మొగుడి పేరు చెప్పనివారు, అత్త పేరు చెప్పనివారు, పక్కింటామె అత్త పేరు మాత్రం నిక్షేపంగా చెప్పారు. వీళ్లవి వాళ్లూ, వాళ్లవి వీళ్లూ చెప్పుకుంటే ఎవరి కళ్లూ పోలేదు. రత్తి, చంద్రి, కోటమ్మ, అప్పాయమ్మ, పుట్టగానే నోట్లో నీళ్లు పోసిన మంత్రసాని పేరే పెట్టుకున్న సింహాలు. దెందులూరామె దెందులూరులోనే ఉండిపోయింది, ఆమె స్థానంలో ఒక మనిషి వచ్చి కూర్చుంది. నిర్మల మాత్రం టీ ముట్టలేదు. వాసనతో సరిపెట్టుకుంది. వాసన గురించి సంఘం నియమాల్లో ఏమీ లేదు.

గడువు ఇంకా వారం ఉందనగా దేవరాజుగారి పత్రం దగ్గర చిక్కొచ్చింది. ఆయన తాతమ్మ పేరు అడిగితే సువార్తమ్మ గ్లాసు కిందపెట్టి ముసిముసిగా నవ్వింది.

"పెద్దింట్లు. కొల్లేటికోట అమ్మవారి పేరు పెట్టుకున్నారు. మన కింది పేట పిల్లేనే. మా మేనత్తా ఆవిడా ఒకే గట్టుమీద నాట్లేసేవోరు. పై పేట కుర్రాడు చూసి, తెచ్చుకున్నాడు. ఆళ్లింట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు."

పెరట్లో అన్న మాట పవర్‌పేట దాటడానికి ఒక రోజు పట్టింది. మర్నాడు సాయంత్రం దేవరాజుగారు నిర్మల ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. వంటింట్లోంచి అల్లం వాసన వస్తూంటే గాలి గట్టిగా ఒకసారి పీల్చుకుని మొదలుపెట్టారు.

"చెల్లెమ్మా, నీ రాత ముత్యాలమ్మా. ఆ ముత్యాలతో నా కాయితంలో ఒక్క గడిలో సారా అని రాసెయ్యి. అందరికీ ఉన్న సారా నాకుంటే తప్పేంటి?"

"ఆవిడ పేరు సారా కాదు గదండీ అన్నయ్యగారూ."

"చచ్చిపోయినామె లేచొచ్చి అడుగుద్దా?"

"అడగదండీ. ఆవిడని అడగడానికేనంట గదండీ దేవాలయం. సారా అని పిలిస్తే పెద్దింట్లుగారు పలుకుతారాండీ?"

దేవరాజుగారు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు. "మరైతే స్థలం సంగతి నేను ఆలోచించుకోవాల్సి వస్తదమ్మా" అని లేచారు.

ఆయన వీధి మలుపు తిరగకముందే ఆనంద్ పాల్ వంటింట్లోకి వచ్చాడు. శిలాఫలకం మీద అధ్యక్షుడి కింద రెండో పేరు కార్యదర్శిది. రాయి అప్పటికే చెక్కడానికి ఇచ్చారు.

"ఒక్క గడి, నిర్మలా. మన దేవాలయం మొత్తం ఒక్క గడి మీద ఆగింది."

"నా పత్రంలో కూడా ఒక గడి ఖాళీగా ఉందండీ. అక్కడేం రాయమంటారు?"

"సారా."

"మా ముత్తవ్వ పొగాకు బేరన్ల దగ్గర పనిచేసేదటండీ. మాకు తెలిసిందల్లా అదొక్కటే. ఆ ఒక్కటి కూడా కొట్టేసి సారా అని రాయమంటారా?"

 ఆనంద్ పాల్ మెంతుల డబ్బా మూత తీసి చూశాడు, మళ్లీ పెట్టేశాడు. ఆ డబ్బా గురించి ఆనాడూ ఆ తరవాతా ఏమీ అడగలేదు. భర్తల్లో ఉత్తములు ఇలాగే ఉంటారు.

నిర్మల దేవరాజుగారి పత్రంలో పెద్దింట్లు అని రాసింది. తన పత్రంలో గడి ఖాళీగా వదిలేసింది.

డిసెంబరు రెండో వారంలో అమెరికా దంపతులు వచ్చారు. స్థలంలో షామియానా వేశారు. పొక్లెయిన్‌కి పూలదండ వేశారు. శిలాఫలకానికి తెర కట్టారు. దేవరాజుగారు స్థలం వెనక్కి తీసుకోలేదు. తీసుకునే వీలు లేకుండా చిట్టిబాబు పక్కన ప్లాట్లన్నీ అమ్మేసి ఉన్నాడు, కొన్నవారిలో దేవరాజుగారి వియ్యంకుడు కూడా ఉన్నాడు. పెద్దాయన మైకు తీసుకుని, దేవాలయం ఎప్పుడు ఎక్కడ వస్తుందో తన చేతిలో లేదని మరోసారి చెప్పారు. ఏసుకుమార్ మరోసారి పొల్లుపోకుండా తెలుగు చేశాడు. జనం మరోసారి సంతోషంగా చప్పట్లు కొట్టారు.

పెద్దావిడ పత్రాలు అడిగింది. కళ్లజోడు పెట్టుకుని, ఏసుకుమార్‌ను పక్కన నిలబెట్టుకుని, ఒక్కొక్క పేరూ కూడబలుక్కుని మైకులో చదివింది. బుల్లెమ్మ. రత్తి. సింహాలు. షామియానాలో వెనకవరసలో కూర్చున్న ముసలమ్మలు, హాజరు పిలుస్తున్నట్టుగా, పేరు పేరుకీ తలూపారు. దేవరాజుగారి పత్రం వచ్చింది. "పె-ద్దిం-ట్లు" అంది ఆవిడ. "ఔనమ్మా, మా పెద్దింట్లే" అంది వెనకనుంచి కింది పేట ముసలమ్మ ఒకావిడ. దేవరాజుగారు షామియానా గుడ్డ నాణ్యత పరిశీలించారు. ఆకాశం విరిగి పడలేదు. నిర్మల పత్రంలో ఖాళీ గడి దగ్గర పెద్దావిడ వేలు ఆగింది. ఆ గడిని బొటనవేలితో ఒకసారి నిమిరి, పత్రం పక్కకు తిప్పింది.

అటుపిమ్మట శిలాఫలకం తెర తొలగించారు. నల్లరాతి మీద బంగారు అక్షరాలు మెరిశాయి. శ్రీ దేవరాజు దంపతులు. శ్రీ ఆనంద్ పాల్ దంపతులు. శ్రీ క్రీస్తుదాసు దంపతులు. ఇలా ముప్పై వరసలు. పెద్దావిడ రాయి దగ్గరికి వెళ్లి, "ఈ పేర్లు పోగుచేసిన అమ్మాయి పేరు ఎక్కడుంది?" అని అడిగింది. ఏసుకుమార్ పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వెతికాడు.

"ఉందండీ, రెండో వరసలో" అన్నారు క్రీస్తుదాసుగారు. "దంపతులు అంటే ఆవిడ కూడా అందులోనే ఉన్నట్టండీ. విడిగా వేస్తే రాయి సరిపోదండీ."

నిర్మల రాయి వైపు చూసింది. ముప్పై వరసలు, ముప్పైసార్లు దంపతులు. ఈసారి స్టేషన్ల పేర్లు కూడా లేవు. పక్కన నిలబడిన ఆనంద్ పాల్ ఆ రెండో వరసను చదివాడు, భార్య ముఖం చూశాడు, మళ్లీ చదివాడు. "చెక్కేవాడు రేపు మళ్లీ వస్తాడేమో కనుక్కుంటాను" అన్నాడు మెల్లిగా. చెక్కేవాడు రాలేదు.

తరవాత సంగతులు ప్రగతి నివేదిక ప్రకారం ఇవి. దేవాలయం ఇంకా రాలేదు. దేవరాజుగారు ఏ గేటులోంచి లోపలికి రావాలన్న ప్రశ్న తలెత్తినందున, తాతమ్మ అవతలి పేట నుంచి వచ్చిన వారి సౌకర్యార్థం మూడో గేటు పెట్టాలని కమిటీ తీర్మానించింది. నిర్మల పత్రాలు దగ్గర పెట్టుకుని లెక్క చూస్తే ముప్పై కుటుంబాల్లో ఇరవై రెండు ఆ గేటులోకే వచ్చాయి. దాంతో మూడో గేటే సింహద్వారమైంది. నడుమ గోడ ఎవరి మధ్య కట్టాలో తేలక తాహిర్ బిల్లు అడగడం కూడా మానేశాడు.

వట్లూరువారి అమాయకత్వానికి నవ్వుకుంటున్న పాఠకులకు ఒక మనవి. నిర్మల దగ్గర ఖాళీ పత్రాలు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి, అడిగినవారికి మతంతో పని లేకుండా ఇస్తుంది. మగవారి గడులు మీకు చకచకా నిండిపోతాయి. ఆ తరవాత ఒక గడి దగ్గర పెన్ను ఆగుతుంది. కంగారు పడవద్దు. పక్కింటివారిది చూసి రాద్దామని మాత్రం వెళ్లకండి. వాళ్ల పెన్నూ అక్కడే ఆగి ఉంటుంది.